ఏనుగును రొమ్ముపై నిలిపిన కోడి రామమూర్తి ముందు డ్రిల్లు మాస్టారే

శంషాబాద్: కోడి రామమూర్తి నాయుడి పేరు చెప్పగానే ఎవరికైనా రొమ్ము మీద నిలబడిన ఏనుగే గుర్తుకు వస్తుంది. ఉక్కు గొలుసులు తెంచిన కథ, కార్లు ఆపిన కథ మన పల్లెల్లోని ముసలివాళ్లు కూడా చెబుతారు. ఆ మనిషి ఆ స్థితికి ఎన్నేళ్లకు వచ్చాడు, ముందు ఏం చేశాడు, తరువాత ఏం చేశాడు అన్నది మాత్రం ఎవరూ అడగరు. అసలు తెలుసుకోవలసింది అదే.

2008లో విమానాశ్రయం మొదలైన తరువాత శంషాబాద్, పాల్మాకుల, నర్కుడ వైపు మనుషుల రాకపోకలు పెరిగాయి. వాటితోపాటే కరాటే, తైక్వాండో తరగతులూ, ఇనుప బరువుల జిమ్ములూ వచ్చాయి. పొద్దున కరాటే నేర్చి సాయంత్రం జిమ్ముకు పోయే కుర్రవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు రెండో నెలకే నడుము పట్టిందని, మోకాలు వాచిందని ఇంట్లో పడుకుంటారు. బలం ఎంత పెంచాలి, దమ్ము ఎంత పెంచాలి, ఏది ముందు అన్న ప్రశ్న కొత్తది కాదు. నూట ఇరవై ఏళ్ల కిందట విజయనగరంలో ఒక కుర్రవాడి ముందు అదే ప్రశ్న నిలిచింది.

తల్లి లేని పిల్లవాడు

రామమూర్తి 1880 దశకం ఆరంభంలో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది. తరువాత చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా కిందికి వచ్చింది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. పిల్లవాణ్ని విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి నాయుడి దగ్గరకు పంపించారు. ఆయన పోలీసు ఇన్స్‌పెక్టరు.

పోలీసు ఇంట్లో క్రమశిక్షణ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. విజయనగరంలో సంస్థానాధీశుల ఆదరణ వల్ల సంగీతానికీ సాహిత్యానికీ పేరుండేది. సాము గరిడీలకూ కుస్తీలకూ కూడా అంతే ఆదరణ ఉండేది. కుర్రవాడి మనసు పుస్తకాల మీద నిలవలేదు, వ్యాయామశాల మీద నిలిచింది. కుస్తీలు పట్టడం అక్కడే మొదలైంది.

వ్యాయామశాల అంటే ఇప్పటివాళ్లకు అద్దాలూ ఇనుప చక్రాలూ కళ్ల ముందు కనిపిస్తాయి. పాత తాలీం అలాంటిది కాదు. హైదరాబాద్ పాతబస్తీలో, మనకు దగ్గరలోనే ఉన్న బార్కస్‌లో పహిల్వాన్ల సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. కొత్తగా చేరినవాడికి ముందు పార చేతికి ఇస్తారు. గోదాలో మట్టి తవ్వి, గడ్డలు చిదిపి, చదును చేయాలి. అది చాకిరీ అనుకుంటే పొరపాటు. వేళ్లు, మణికట్లు, భుజాలు, నడుము అన్నీ ఒక్క పనితో గట్టిపడతాయి, ఊపిరీ ఆడుతుంది. తరువాత దండాలు, బైఠకులు. ఆ తరువాత తాడు ఎక్కడం, కర్రసాము, గద తిప్పడం. ఇవన్నీ కొంతకాలం అయినాకే జోడీని ఇచ్చి పట్లు నేర్పుతారు. బలమూ దమ్మూ పట్టూ వేరువేరు గదుల్లో ఉండేవి కావు, ఒకే మట్టిలో ఉండేవి.

సైదాపేటలో ఒక ఏడాది

రామమూర్తి జీవితంలో జనం మరిచిపోయిన ఘట్టం ఇక్కడ వస్తుంది. ఆయన మద్రాసుకు పోయి సైదాపేట కళాశాలలో చేరి, ఒక ఏడాది వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. సర్టిఫికెట్టు తీసుకుని విజయనగరానికి తిరిగి వచ్చి, తాను చదివిన హైస్కూలులోనే వ్యాయామ శిక్షకుడుగా చేరారు. లోకం కలియుగ భీముడని పిలిచిన మనిషి ముందు పిల్లలకు డ్రిల్లు నేర్పిన మాస్టారు.

ఈ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకూడదు. ఇరవై ముప్పై మంది పిల్లలను వరుసలో నిలబెట్టినప్పుడు ఒకడు సన్నగా ఉంటాడు, ఒకడు లావుగా ఉంటాడు, ఒకడికి ఆయాసం, ఒకడికి కాళ్లు బలం. అందరికీ ఒకే బరువు ఇస్తే సగం మంది పడిపోతారు. డ్రిల్లు మాస్టారుకు మొదట తెలిసే పాఠం అది. తాలీం ఆయనకు దేశీ పద్ధతి నేర్పితే, సైదాపేట ఆయనకు సర్కారీ పద్ధతి నేర్పింది. కొలత, క్రమం, వేళ ఆ పద్ధతిలోవి. ఈ రెండూ తెలిసిన బలశాలులు ఆ రోజుల్లో మన దేశంలో ఎక్కువ మంది లేరు.

ఇరవై ఒక్క ఏళ్ల వయసుకే ఆయన రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువు మోశారని, కొంతకాలానికి అది 3 టన్నులు అయిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మామూలు చదువరి 3 టన్నుల దగ్గర ఆగి ఆశ్చర్యపోతాడు. చూడవలసింది ఒకటిన్నరకూ మూడుకూ మధ్య గడిచిన కాలాన్ని. చిన్నతనం నుంచి చేసిన దండాలకు, కుస్తీలకు పైన ఒకటిన్నర టన్ను వచ్చింది. దాని పైన కొన్నేళ్ల సాధనతో మూడు వచ్చింది.

కొత్తగా చేరే కుర్రవాడు ఈ లెక్కనే తిరగేసి చేస్తాడు. మొదటి వారమే పక్కవాడు ఎత్తే బరువు ఎత్తాలని చూస్తాడు. కండరం కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టిపట్టే నరపు పట్టీలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. బరువు పెరిగిన తొందర వీటికి తెలియదు. అందుకే భుజం, మోకాలు, నడుము ముందు లొంగిపోతాయి. కరాటే, జూడో, కుస్తీ మొదలుపెట్టినవాడికి తొలి రెండు మూడు నెలలు సొంత శరీరమే చాలినంత బరువు. దండాలు, బైఠకులు, వేపకొమ్మకు తువ్వాలు వేసి రెండు కొసలు పట్టుకుని పైకి లాగడం, అరబస్తా జొన్నలు భుజాన వేసుకుని నడవడం వంటివి సరిపోతాయి. తువ్వాలు పట్టు జూడో, కుస్తీల్లో అవతలివాడి మణికట్టు పట్టడానికి నేరుగా పనికి వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

రొమ్ము మీద పలక

స్కూలు ఉద్యోగంలో ఉంటూనే ఆయన బలప్రదర్శనలు ఇస్తూ వచ్చారు. తరువాత మిత్రుల ప్రోత్సాహంతో విజయనగరంలో సర్కసు కంపెనీ పెట్టారు. తెలుగు జిల్లాలు తిరిగి, మద్రాసు చేరి, అక్కడి నుంచి దేశమంతా తిరిగారు. వైస్రాయిగా ఉన్న లార్డ్ మింటో స్వయంగా కారులో కూర్చుని, రామమూర్తి ఆ కారును కదలకుండా ఆపడం చూశారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. కారుకు కట్టిన తాళ్లను భుజాలకు తగిలించుకుని, ఇంజను ఎంత మోత చేసినా అంగుళం కదలనివ్వలేదట.

ఇందులో గారడీ లేదు, అలాగని మొండిబలం ఒక్కటే కూడా లేదు. కారు కదిలి వేగం అందుకున్న తరువాత దాన్ని ఆపడం ఏ మనిషి వల్లా కాదు. కదలక ముందే బిగబట్టాలి. మడమలు నేలలో పాతుకోవాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, నడుము మాత్రం వంగకూడదు. తాడు లాగిన లాగుడు భుజాల నుంచి తుంట్లకూ, తుంట్ల నుంచి మడమలకూ దిగిపోవాలి. కరాటే తరగతిలో మొదటి రోజు నేర్పే నిలబడే భంగిమ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. గుద్దు చేతిది కాదు, తుంటిది. తన్ను కాలిది కాదు, తుంటిది. చేతుల కండలు చూసి మురిసిపోయేవాళ్లు కాళ్లనూ తుంట్లనూ వదిలేస్తారు. విమానాశ్రయంలో సామాను ఎత్తే పనిచేసే మన ఊళ్ల కుర్రవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పెట్టె నడుముతో కాదు, మోకాళ్లు వంచి తొడలతో ఎత్తాలి.

ఇక ఏనుగు సంగతి. రామమూర్తి నేల మీద పడుకుంటే రొమ్ముపై గట్టి చెక్క పలక వేసేవారు. ఏనుగు దాని మీదికి ఎక్కేది. 5 నిమిషాల దాకా అలా ఉండేవారని చెబుతారు. పలక లేకుండా ఏనుగు పాదం ఒక్కచోట పడితే పక్కటెముకలు నిలవవు. పలక ఆ భారాన్ని రొమ్మంతా పరుస్తుంది. పరిచినా భారం భారమే, దాన్ని మోయవలసింది ఊపిరితో నిండిన ఛాతీయే. నిండుగా గాలి పీల్చి బిగించినప్పుడు ఛాతీ గాలి కొట్టిన టైరులా గట్టిపడుతుంది. ఆ గాలి ఒక్క క్షణం జారినా పని అయిపోతుంది. గొలుసు తెంచడం కూడా అంతే. ఛాతీకి ఉక్కు గొలుసు చుట్టించుకుని, గాలి పీల్చి ఛాతీని ఉబ్బించి తెంచేవారు.

రామమూర్తి ఆంజనేయ భక్తుడు, శాకాహారి. ప్రాణాయామం ఆయనకు నిత్యకృత్యం. వాయుస్తంభన, జలస్తంభన విద్యలు కూడా ప్రదర్శించేవారు. అంటే ఊపిరిని అదుపులో పెట్టుకోవడం ఆయన బలానికి పునాది. తక్కినవాళ్లు ఇనుము నుంచి మొదలుపెట్టి ఊపిరి దగ్గరకు వస్తారు, చాలామంది రానే రారు. ఆయన నడక దానికి ఎదురు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రామమూర్తిని చూసి ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తడం కొత్తవారికి ప్రమాదం. ఊపిరి బిగించి బరువు ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోతుంది. కళ్లు బైర్లు కమ్మి పడిపోయేవారు ఉన్నారు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, దించేటప్పుడు పీల్చడం కొత్తవారి పద్ధతి. ఆయన చేసినది ఎన్నో ఏళ్ల సాధన మీద చేసినది.

సాండో వచ్చి పోయిన కాలం

ఆ రోజుల్లో ప్రపంచంలో బలానికి మారుపేరు యూజెన్ సాండో. ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడిన సాండో 1904, 1905 ప్రాంతాల్లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలు ఇచ్చాడు. డంబెల్స్‌తో కండలు పెంచే పద్ధతికి ఆయనే పేరు తెచ్చాడు. తెల్లవాడి శరీరం చూసి మనవాళ్లు డీలా పడిన కాలం అది. సరిగ్గా ఆ కాలంలోనే విజయనగరం డ్రిల్లు మాస్టారు బయలుదేరాడు. జనం ఆయనను ఇండియన్ సాండో అన్నారు, తరువాత ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. పూనాలో లోకమాన్య తిలక్ ఆయన ప్రదర్శన చూసి మెచ్చుకుని మల్లమార్తాండ బిరుదు ఇచ్చి, విదేశాలకు పొమ్మని ప్రోత్సహించారు. పండిత మదనమోహన మాలవ్యా కూడా ఆయనను ఆదరించినవారిలో ఒకరు.

పరాయి పాలనలో నడుము వంగిన జనానికి ఆ డేరాలో కనిపించినది వట్టి తమాషా కాదు. కలకత్తాలో ఆయన ప్రదర్శన చూసిన ఒక బెంగాలీ యువకుడు ఇల్లు విడిచి ఆ కంపెనీలో చేరిపోయాడు. తరువాత తానే ఏనుగును మోసి భీమ్ భవానీ అన్న పేరుతో బెంగాలులో ప్రసిద్ధుడయ్యాడు. 1922లో చిన్న వయసులోనే చనిపోయాడు. మాస్టారు సర్కసులో ఉన్నా మాస్టారే, శిష్యులు తయారవుతూనే ఉన్నారు.

రామమూర్తి లండను వెళ్లి, అయిదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చారని ఆయన చరిత్ర రాసినవారందరూ చెబుతారు. స్పెయినులో ఎద్దుల పోరు చూడబోయి, రంగంలోకి దిగి కొమ్ములు పట్టి ఎద్దును పడగొట్టారన్న కథ కూడా ఉంది. కుస్తీలో మెడ పట్టు, చేతి పట్టు తెలిసినవాడికి అది పూర్తిగా కొత్త పని కాదు.

పేరుతో పాటు పగవాళ్లూ పెరిగారు. ఆయనపై విషప్రయోగాలు జరిగాయని, రంగూన్‌లో చంపాలని చూశారని చెబుతారు. వీటన్నిటికన్నా ఒళ్లు జలదరించేది పలక కథ. ఏనుగు ఎక్కే గట్టి పలకను ఎవరో తీసేసి, దాని స్థానంలో బలహీనమైన చెక్క పెట్టారట. ఏనుగు కాలు మోపగానే చెక్క విరిగి దెబ్బ తగిలి, శస్త్రచికిత్స దాకా పోయిందని చెబుతారు. చాలాకాలం విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. ఎంత బలం ఉన్నా సామాను సరిగ్గా ఉండాలన్నది దీనివల్ల తెలుస్తుంది. తాడు, బెంచీ, బరువుల మర ఏదైనా ఎక్కే ముందు చేత్తో లాగి చూసుకోవడం నామోషీ కాదు.

మూడు నిమిషాల ఆట

రామమూర్తి పద్ధతిని ఇప్పటి పోటీలకు ఎలా అన్వయించాలి అన్నది మన కుర్రవాళ్ల ప్రశ్న. పాత గోదాలో కుస్తీకి గడియారం ఉండేది కాదు, ఒకడు వెల్లకిలా పడేదాకా సాగేది. ఇప్పుడు పెద్దల కరాటే కుమితే 3 నిమిషాలు, జూడో 4 నిమిషాలు, తైక్వాండో 2 నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. వినడానికి తక్కువే. బరిలో నిలబడితే రెండో నిమిషానికే చేతులు సీసపు ముద్దలవుతాయి. దమ్ము లేని బలం మొదటి నిమిషానికి పనికి వస్తుంది. బలం లేని దమ్ము చివరిదాకా నిలబడుతుంది కాని, అవతలివాణ్ని కదపలేదు.

అందుకే వారంలో రోజులు పంచుకోవాలి. కొత్తవారికి వారానికి రెండు రోజుల బలసాధన చాలు, రెండిటి మధ్యా కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. మూడు రోజులు అసలు విద్య, అంటే పట్లూ తన్నులూ. తాడు గెంతడం, పరుగు ఆ రోజుల్లోనే కొద్ది కొద్దిగా చేర్చుకోవాలి. పరుగులో పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగం మొదటి నెలలకు సరి. తరువాత నిమిషం గట్టిగా, నిమిషం నెమ్మదిగా పరిగెత్తడం పోటీకి దగ్గరగా ఉంటుంది. విద్య, బరువులు ఒకే రోజు చేయవలసి వస్తే విద్యే ముందు. అలసిన శరీరానికి నేర్పిన తన్ను తప్పుగా నాటుకుంటుంది. తరువాత సరిదిద్దడం కష్టం. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. పొద్దున లేవగానే నాడి చూసుకుంటే, మామూలుకన్నా బాగా ఎక్కువగా కొట్టుకుంటూ ఉంటే ముందురోజు అలసట ఇంకా తీరలేదన్న మాట.

పోలీసు కానిస్టేబులు ఉద్యోగాలకు తయారవుతున్నవారికి కూడా ఈ లెక్క అక్కరకు వస్తుంది. మన రాష్ట్రంలో ఆ దేహదారుఢ్య పరీక్షలో పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఉంటాయి. పరుగుకు దమ్ము కావాలి, షాట్‌పుట్‌కు బలం కావాలి, లాంగ్‌జంప్‌కు రెండూ కావాలి. ఒక్క పరుగే నమ్ముకుని ఇనుపగుండు దగ్గర తప్పినవారు, కండలు పెంచి పరుగులో వెనకబడినవారు ఊరికి ఒకరిద్దరు కనబడతారు.

చివరి రోజులు

సర్కసుతో రామమూర్తి లక్షలు సంపాదించారు. దానధర్మాలకూ జాతీయోద్యమానికీ ఇచ్చినది పోను దాచుకున్నది లేదు. చివరి రోజులు కష్టంలో గడిచాయి. ఆయనను ఏనుగు ఓడించలేదు, ఎద్దు ఓడించలేదు. కాలి మీద లేచిన పుండు ఓడించింది. అది మానలేదు. కాలు తీసివేయక తప్పదని డాక్టర్లు తేల్చారు. కారును ఆపిన కాలు అది. మత్తుమందు అక్కరలేదని చెప్పి, ప్రాణాయామం చేస్తూ శస్త్రచికిత్స చేయించుకున్నారని ప్రతీతి. చిన్నప్పటి నుంచి కూడగట్టిన ఊపిరి ఆ బల్ల మీద కూడా ఆయన వెంట ఉంది.

కాళ్ల మీద మానని పుండు అన్నది ఇప్పుడు కూడా పల్లెల్లో నిర్లక్ష్యం చేసే జబ్బే. చెప్పుల్లేకుండా మట్టిలో ఆడేవారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. రెండు వారాలకు మానని పుండును ఆస్పత్రిలో చూపించుకోవాలి.

ఒరిస్సాలోని పాట్నా సంస్థానాధీశులు ఆయనను చివరిదాకా ఆదరించారు. ఆ సంస్థానపు బలంగీరులోనే 1942 జనవరి 16న, సంక్రాంతి రోజుల్లో, కోడి రామమూర్తి కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం సముద్రపు ఒడ్డున నిలబడి ఉంది.